మురుగు గొట్టములకు మరమ్మతు: కట్టు కట్టుటయా, కప్పిపుచ్చుటయా?

విజయవాడలో రైలు మార్గమునకు పడమట, ఇంద్రకీలాద్రి పాదము నుండి వ్యాపించిన పాత పట్టణమును జనులు వన్ టౌన్ అని వ్యవహరింతురు. ఇచ్చటి వీధులు ఇరుకైనవి. ఇండ్లు గోడకు గోడ ఆనుకొని యున్నవి. రెండిండ్ల నడుమ మనిషి ఒరిగి నడువదగినంత సందు మాత్రమే పలుచోట్ల మిగిలియున్నది. అట్టి సందులలో తలయెత్తి చూచినచో, పాత మేడల వెనుక గోడలపై పోత ఇనుప మురుగు గొట్టములు నేటికిని కానవచ్చును. వాటిపై అక్కడక్కడ సిమెంటు ముద్దలు, తారు పూసిన గోనెపట్టలు, జిగురు పట్టీలు కనబడుచుండును. ఈ కట్లు రోగమును మాన్పుచున్నవా, లేక కప్పిపుచ్చుచున్నవా అనునది విచారింపవలసిన విషయము.

ఇది గోడపై మరకకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. పాత పేటలలో మురుగు గొట్టమును, మంచినీటి గొట్టమును తరచుగా ఒకే సందులో సాగును. మంచినీటి సరఫరా రోజుకు కొన్ని గంటలు మాత్రమే ఉండుచోట, నీరు ఆగిన వేళ గొట్టములోని పీడనము పడిపోవును. అప్పుడు మంచినీటి గొట్టమునకు సన్నని బీట యున్నచో చుట్టునున్న మురుగు తడి దానిలోనికి పీల్చుకొనబడును. కృష్ణకు దక్షిణముననున్న గుంటూరు నగరములో 2018 మార్చిలో అతిసారము ప్రబలి ప్రాణనష్టము జరిగినపుడు, త్రాగునీటిలో మురుగు కలియుట యను ప్రమాదము రాష్ట్రమంతట చర్చకు వచ్చినది. కలరా, టైఫాయిడు, ఒక రకపు కామెర్లు ఈ త్రోవనే వ్యాపించును. కనుక సందులో కారుచున్న గొట్టము ఒక ఇంటివారి సొంత వ్యవహారమని భావించుట పొరపాటు.

ఇండ్లలో జరుగు మరమ్మతును సాధారణముగా ఒకే పరీక్షకు నిలుపుచున్నారు: నేడు చుక్క ఆగినదా లేదా? ఆగినచో పని ముగిసినట్లే. నీరు ఎచటి నుండి వచ్చినది, ఏల వచ్చినది, ఆగిన పిదప ఎటు పోవుచున్నది అను ప్రశ్నలు మిగిలిపోవుచున్నవి. లోపమంతయు ఇచ్చటనే కలదు.

గొట్టపు స్వభావము

పోత ఇనుము శుద్ధమైన ఇనుము కాదు. అందు నూటికి 2 నుండి 4 పాళ్ళవరకు కర్బనమును, కొంత సిలికాన్‌ను చేరియుండును. కర్బనములో అధికభాగము సన్నని గ్రాఫైటు రేకులుగా ఇనుము నడుమ పరచుకొని యుండును. విరిగిన ముక్క బూడిదరంగుగా కనబడుటకు కారణమిదియే. గ్రాఫైటు రేకు ఉన్నచోట లోహము తెగియున్నట్లే లెక్క. అందుచేత పోత ఇనుము నొక్కుడుకు గొప్పగా ఓర్చును గాని, లాగుడుకును, సుత్తి దెబ్బకును ఓర్వదు. అది వంగదు, పెళుసుగా పగులును. మరమ్మతు చేయువారు మొదట జ్ఞప్తియందుంచుకొనవలసిన గుణమిది.

ఈ గొట్టమునకు ఒక కొస వెడల్పు మూతిగా నుండును. దానిని సాకెట్టు అందురు. పై గొట్టపు సన్నని కొస అందులో దిగును. మిగిలిన సందులో జనపనార పేనిన త్రాడును దట్టించి, దానిపై కరిగిన సీసమును పోసి, చల్లారిన పిదప మొద్దు ఉలితో అణచివేయుదురు. సీసము చల్లారునపుడు కొంచెము కుంచించుకొనును గనుక, ఉలితో అణచుట అలంకారము కాదు, అవసరము. ఈ సాకెట్టు అతుకును 1785 ప్రాంతమున లండనులోని చెల్సీ నీటి సంస్థ ఇంజనీరు థామస్ సింప్సన్ ప్రవేశపెట్టెనని చెప్పుదురు. పోత ఇనుప గొట్టములు అంతకు ముందే కలవు. ఫ్రాన్సులోని వెర్సాయ్ ఉద్యానముల జలయంత్రములకు 17వ శతాబ్దిలో వేసిన గొట్టములు మూడు శతాబ్దములకు పైగా పనిచేసినవి. అట్టి దీర్ఘాయువు గల వస్తువు మన ఇండ్లలో కొన్ని దశాబ్దములకే కారుటకు కారణమేమి?

పాఠములోని మేకు, ఇంటిలోని గొట్టము

ఇనుము తుప్పు పట్టుటకు గాలి, నీరు రెండును కావలెనని విద్యార్థులెల్లరు ఎరుగుదురు. మూడు పరీక్షనాళికలలో మూడు మేకులను వేసి, ఒకదానిలో మామూలు నీరును, ఒకదానిలో మరగించి నూనె పొర కప్పిన నీరును, ఒకదానిలో తేమను పీల్చు కాల్షియం క్లోరైడును ఉంచి చూపు ప్రయోగము ప్రసిద్ధమైనది. ఈ ప్రయోగము సత్యమే, కాని అసంపూర్ణము. దీనిని మాత్రమే నేర్చిన విద్యార్థి, గాలి సరిగా ఆడని మురుగు గొట్టము లోపల ఇనుము భద్రముగా నుండవలెనని తలచును. జరుగునది అందుకు భిన్నము.

మురుగునీటిలో సల్ఫేటు లవణము లుండును. గొట్టపు లోగోడకు పట్టిన జిగట పొరలో, ప్రాణవాయువు అందని చోట, కొన్ని సూక్ష్మజీవులు ఈ సల్ఫేటులను హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చును. కుళ్ళిన గ్రుడ్ల కంపు దీనిదే. గాలి లేని మట్టిలో ఇనుప గొట్టములు చెడుటకు ఇట్టి సూక్ష్మజీవులు కారణమని 1934లో హాలండు శాస్త్రజ్ఞులు వోన్ వోల్జోగెన్ క్యూర్, వాన్ డెర్ ఫ్లుక్ట్ వివరించిరి. తరువాతి మెట్టు మరింత విచిత్రమైనది. ఆ వాయువు పైకి లేచి, నీరు తగులని పైభాగపు తడిలో కరగును. అచ్చట గాలి కొంత లభించును గనుక వేరొక జాతి సూక్ష్మజీవులు దానిని గంధకికామ్లముగా మార్చును. చెడిన కాంక్రీటు మురుగు కాలువల నుండి ఇట్టి జీవులను ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పార్కర్ అను శాస్త్రజ్ఞుడు వేరుచేసి 1945లో ప్రకటించెను. ఇంచుమించు అడ్డముగా సాగు గొట్టములు తరచు పైభాగముననే చెడుటకు ఇదియొక కారణము. నీరు నిలిచిన కొలది ఈ చర్య హెచ్చును. వాలు చాలని గొట్టము తన వినాశమును తానే పెంచుకొనుచున్నదన్నమాట.

ఆమ్లము ఇనుమును కరగించును గాని గ్రాఫైటును కరగింపదు. కనుక ఇనుము పోయినను గ్రాఫైటు, తుప్పు కలిసిన అస్థిపంజరము మిగులును. గొట్టము ఆకారము చెడదు. చూచువానికి గట్టిగానే కనబడును. కాని చాకుతో గీచినచో మెత్తగా లేచును. ఆ పొడి కాగితముపై పెన్సిలు వలె నల్లని గీత గీయును. పెన్సిలు ముల్లు కూడ గ్రాఫైటే గదా! రసాయనశాస్త్ర తరగతిలో దీనికి మించిన నిదర్శనము దొరకదు. పాఠములు మేకు వద్దనే ఆగిపోవుట వలన, తన యింటి గోడపైనున్న ఈ నిదర్శనమును విద్యార్థి చదువలేకున్నాడు.

దీనికి తోడు గృహస్థులు స్వయముగా చేయు అపకారము కలదు. అడ్డుపడిన గొట్టములో బజారు యాసిడ్డును పోయుట పలువురకు అలవాటు. ఆ హైడ్రోక్లోరికామ్లము అడ్డుపడిన గుడ్డను, వెంట్రుకలను అంతగా కదల్చలేదు; ఇనుమును మాత్రము నిస్సందేహముగా తినును. ఆ యాసిడ్డు బ్లీచింగు పొడితో కలిసెనా, విషమైన క్లోరిను వాయువు వెడలును. ఇట్టి శుభ్రత ప్రాణాపాయకరము.

కారు చోటు వేరు, కనబడు చోటు వేరు

మరమ్మతులలో పెక్కు విఫలమగుటకు కారణము పదార్థము చెడ్డదగుట కాదు. దానిని తప్పుచోట పెట్టుట. నీరు గొట్టము వెలుపలి గోడను అంటిపెట్టుకొని జారి, గోడకు బిగించిన పట్టా వద్దనో, స్లాబు అంచు వద్దనో చుక్కగా రాలును. చుక్క రాలుచోట సిమెంటు మెత్తినచో, నీరు గోడలోనికి త్రోవ మార్చుకొనును. చుక్క ఆగినదని యజమాని సంతోషించును. ప్రక్కయింటివాని గోడ చెమర్చుట ప్రారంభించును.

కారుటలో నాలుగు విధములు కలవు: అతుకు వదులగుట, గొట్టము నిలువుగా బీటవారుట, తుప్పు తిని రంధ్రము పడుట, గొట్టము బాగుండియు స్నానాల గది అడుగున నహానీ ట్రాపు చుట్టునున్న గచ్చు పగులుట. నాలుగవదానిని గొట్టపు నేరముగా భావించి గొట్టమునే మార్చినవారు లేకపోలేదు.

వీనిని గుర్తించుటకు సులభమైన పరీక్ష రంగునీరు. బట్టలకు వాడు నీలిమందును బకెట్టు నీటిలో కలిపి, ఒక్కొక్క గది తూములో వేర్వేరుగా పోసి, ఏది పోసినపుడు రంగు వెలుపల కనబడునో చూడవలెను. ప్రయోగశాలలో సులభముగా దొరకునుగదా యని పొటాసియం పర్మాంగనేటును వాడరాదు. మురుగులోని సేంద్రియ పదార్థములు దానిని క్షయకరించి ఊదారంగును పోగొట్టును. కారుచున్నను కారుట లేదన్న తప్పు నిర్ణయము కలుగును. ఉపాధ్యాయులు దీనిని ఒక ప్రశ్నగా తరగతిలో అడుగవచ్చును. బీటను కనుగొనుటకు చిన్న సుత్తితో మెల్లగా తట్టి వినవలెను. దిట్టమైన గొట్టము గంటవలె మ్రోగును. బీటవారినది పగిలిన కుండవలె బొంగురుగా పలుకును. తట్టుట యనగా కొట్టుట కాదు. తుప్పుతిన్న గొట్టము దెబ్బకు ఊడిరాగలదు.

కారు సమయము కూడ ఒక సాక్ష్యము. నిలువు గొట్టములో నీరు సాధారణముగా లోగోడ వెంట పొరవలె జారును. లోపల పీడనము స్వల్పము. కాని అడుగున అడ్డుపడినచో గొట్టము తొట్టివలె నిండును. మూడంతస్తుల మేడకు 9 మీటర్ల ఎత్తు నీరు నిలిచెననుకొనినచో, అడుగున చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోగ్రాముల ఒత్తిడి కలుగును. 2 చదరపు సెంటీమీటర్ల రంధ్రముపై వేసిన పట్టీని అది 1.8 కిలోల బరువుతో వెలికి త్రోయును. కనుక అడ్డుపడినపుడు మాత్రమే కారు అతుకునకు మందు వేయుటకన్న, అడ్డును తొలగించుట ముఖ్యము.

వాడుకలోనున్న చికిత్సల గుణదోషములు

సిమెంటును మొదట పరిశీలింపవలెను. ఇది చవుక, ఏ కొట్టులోనైనను దొరకును. అద్దె ఇంటివాడు యజమాని అనుమతికై ఎదురుచూడకనే వేయగలడు. ఇది ఇనుమునకు శత్రువను మాట సరికాదు. సిమెంటులోని క్షారగుణము ఇనుమును తుప్పు నుండి కాపాడును. అందుచేతనే మంచినీటి పెద్ద గొట్టములకు లోపల సిమెంటు పూత వేయుదురు. ఎండ వేడికి సాగుటలో కూడ ఈ రెండింటికిని ఎక్కువ భేదము లేదు. లోపము వేరొకచోట నున్నది. తడిసి, తుప్పుపట్టి, జిడ్డెక్కిన తలముపై అది పట్టుకొనదు. ఆరునపుడు కుంచించుకొని సన్నని బీటలు వారును. లోపలినుండి చెమర్చు ఆమ్లము దానిని కూడ కరగించును. అన్నిటికన్న మించి, అది లోపమును కంటికి కనబడకుండ చేయును. ముద్దపై ముద్ద పెరిగిన కొలది బరువు అతుకుపై పడును.

తారు పూసిన గోనెపట్ట నీటిని కొంతకాలము ఆపును. విజయవాడ వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెంటిగ్రేడును దాటుట కలదు. ఎండ సోకిన నల్లని గొట్టము అంతకన్న వేడెక్కును. అప్పుడు తారు మెత్తబడి జారును. దీనిని వారము పది దినముల ఉపాయముగా మాత్రమే ఎంచవలెను.

రెండు ముద్దలను కలిపి పెట్టు ఎపాక్సీ, అనగా ఎం-సీల్ వంటిది, సిమెంటుకన్న మేలు. చిన్న రంధ్రమునకు, పొట్టి బీటకు ఇది చాలకాలము పనిచేయును. కాని వాడకములో దానికి దక్కవలసిన న్యాయము దక్కుట లేదు. గొట్టము వాడుక నాపి, తీగ బ్రష్షుతో మెరయు లోహము కనబడువరకు రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, పొట్లముపై వ్రాసినంతసేపు గట్టిపడనీయవలెను. కారుచుండగానే అద్ది, అర్ధగంటలో నీళ్ళు వదలి, "మందు మంచిది కాదు" అనుట మందుకు చేసిన అన్యాయము. గ్రాఫైటు మాత్రమే మిగిలిన గోడపై మాత్రము ఏ ఎపాక్సీయు నిలువదు. పట్టుకొనుటకు అచ్చట లోహము లేదు.

రబ్బరు పట్టీని చుట్టి ఉక్కు బిగింపులతో బిగించుట నేరు గొట్టపు రంధ్రములకు తగిన పద్ధతి. రబ్బరు లొంగును గనుక ఎగుడుదిగుడులను కప్పును. దానిని మరల విప్పి చూడవచ్చును. ఈ గుణము పై చికిత్సలలో దేనికిని లేదు. బలమంతయు ఉపయోగించి బిగించినచో పెళుసైన గొట్టము పగులునని మరువరాదు.

వదులైన సీసపు అతుకును మరల మొద్దు ఉలితో చుట్టును సమముగా అణచుట, పాత ప్లంబర్లు ఎరిగిన ఉత్తమ చికిత్స. క్రొత్త వస్తువేదియు అక్కరలేదు. సీసము మెత్తనిది గనుక దెబ్బకు సందును నింపును. సాకెట్టు పగులనిచోట మాత్రమే ఇది చెల్లును. ఈ విద్య నేర్చినవారు తగ్గిపోవుట చేతనే మంచి అతుకులపై కూడ సిమెంటు పేరుకొనుచున్నది. కరిగిన సీసమును ఇంటివారు స్వయముగా పోయ ప్రయత్నింపరాదు. సీసము 327 డిగ్రీల వద్ద కరగును. సందులో నీటిచుక్క మిగిలినచో అది క్షణములో ఆవిరియై సీసమును ముఖముపైకి చిమ్మును. సీసపు పొగ విషము. పిల్లలకు మరింత హానికరము.

కడపటిది, పాడైన ముక్కను కోసి పి.వి.సి. గొట్టమును వేయుట. ఆమ్లము దానిని తినదు, తేలికైనది. కాని ఇనుప సాకెట్టులో నున్నని పి.వి.సి. కొసను దింపి చుట్టును సిమెంటు పూయుట నిరర్థకము. పి.వి.సి. ఇనుముకన్న ఐదారు రెట్లు ఎక్కువగా సాగును. 3 మీటర్ల గొట్టము 30 డిగ్రీలు వేడెక్కినచో ఇనుము సుమారు 1 మిల్లీమీటరు పెరుగును, పి.వి.సి. 5 మిల్లీమీటర్లకు పైగా పెరుగును. ప్రతిదినము సాగి ముడుచుకొను కొసను సిమెంటు పట్టి యుంచలేదు. రబ్బరు వలయము గల తగిన అతుకు కావలెను.

కోయుటకు ముందు బరువును లెక్కింపవలెను. లోపలి వ్యాసము 100 మిల్లీమీటర్లు, గోడ మందము 5 మిల్లీమీటర్లు, పొడవు 1.8 మీటర్లు గల గొట్టములో దాదాపు 2,970 ఘన సెంటీమీటర్ల లోహ ముండును. పోత ఇనుపు సాంద్రత 7.2 గనుక బరువు 21 కిలోలకు పైబడును; సాకెట్టు బరువు అదనము. కోసినచోటికి పైన ఐదు ముక్కలున్నచో నూరు కిలోలకు మించిన బరువు గోడపట్టాలపై వ్రేలాడును. ఆ పట్టాలు తుప్పుపట్టియున్నచో ఫలితము ఊహింపవచ్చును. ఈ పనిని అనుభవజ్ఞుడైన ప్లంబరుకు వదలుట పిరికితనము కాదు.

నేలలోని గొట్టము, మనుష్యుని ప్రాణము

నేలలో పూడ్చిన గొట్టముల సంగతి వేరు. కృష్ణా డెల్టాలోని నల్ల బంకమట్టి వానకు ఉబ్బి, వేసవిలో నెఱ్ఱెలిచ్చును. ఈ కదలికకు పెళుసైన గొట్టము పగులును, అతుకులు ఎడబాయును. కారుచున్న నీరు మట్టిని మరింత తడిపి కదలికను పెంచును. అట్టిచోట పైన గచ్చు వేసి మూయుట కేవలము ఆత్మవంచన. త్రవ్వి చూచి, వాలును సరిచేసి, గొట్టము క్రింద ఇసుక పరచి వేయుట తప్ప గత్యంతరము లేదు.

ఇంటి హద్దు దాటిన వీధి మురుగు కాలువ, మాన్‌హోలు నగరపాలక సంస్థ బాధ్యతలోనివి. అడ్డు తీయుటకై కూలివానిని మాన్‌హోలులోనికి, మలకుండములోనికి దింపుట 2013 నాటి చట్టముచే నిషిద్ధము. పైన చెప్పిన హైడ్రోజన్ సల్ఫైడే అచ్చట మృత్యువు. కొద్ది మోతాదులో కంపు కొట్టు ఈ వాయువు, మోతాదు హెచ్చినచో ఘ్రాణశక్తినే చంపును. కంపు లేదు గనుక ప్రమాదము లేదనుకొనినవాడు లేచి రాడు. ఇంట గొట్టము విప్పునపుడు కూడ చేతొడుగులు ధరించి, కిటికీలు తెరచి, అగ్గిపుల్ల వెలిగింపక పనిచేయవలెను.

ఇట్లు పరిశీలించిన పిదప, వాడుకలోనున్న చికిత్సలలో ఏదియు పూర్తిగా నింద్యము కాదని తేలుచున్నది. తారుకును, సిమెంటుకును కూడ వాని వాని తావులు కలవు. నింద్యమైనది వాటిని వాడు పద్ధతి: పరీక్షింపక పూయుట, తాత్కాలికమును శాశ్వతమని నమ్ముట, నీరు పొరుగు గోడకు మళ్ళినను మన గోడ ఆరినదని తృప్తిపడుట. మంచి మరమ్మతునకు గుర్తులు మూడు. అది కారణమును తొలగించునదిగా నుండవలెను. మరల విప్పి చూచుటకు వీలీయవలెను. క్రిందివారికిని ప్రక్కవారికిని హాని చేయరాదు.

పాఠశాలలు ఈ విషయమున చేయదగిన సాయము పెద్దది కాదు గాని విలువైనది. తుప్పు పాఠము చెప్పునాడు మూడు మేకులతో పాటు, పాత ఇనుప కొట్టు నుండి పారవేసిన గొట్టపు ముక్కను తెప్పించి, సబ్బుతో, బ్లీచింగు నీటితో కడిగి బల్లపై నుంచవచ్చును. దాని బరువును లెక్కకట్టి, తూచి పోల్చవచ్చును. దాని లోగోడను చాకుతో గీచి కాగితముపై రాయవచ్చును. ఆ నల్లని గీతను చూచిన విద్యార్థి, సాయంకాలము తన సందులోని సిమెంటు ముద్దను చూచి, దాని వెనుక ఏమున్నదో అడుగును. ఆ ప్రశ్న ఇంటివారి చెవిని బడుట ఎంతయు అవసరము.